కావెల్లీని కవర్లు, ఆయన స్టాంపులు: ఒక మెయిల్ ఆర్ట్ ఫోల్డరును సర్దిన నా అనుభవం

హైదరాబాదులో గ్రంథాలయ శాస్త్రం చదివి, పై చదువు కోసం అమెరికా వచ్చిన తరువాత, ఇక్కడి ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని ప్రత్యేక సంగ్రహాల విభాగంలో నేను సహాయకురాలిగా పనిచేశాను. ఆ రోజుల్లో ఇటలీ కళాకారుడు గుల్యెల్మో అకిల్లె కావెల్లీని తపాలాలో పంపిన కళాఖండాలను, ఆయన సొంతంగా అచ్చు వేయించుకున్న స్టాంపులను వరుసలో పెట్టి, పరిశోధకులు వాడుకునేలా వివరణ రాసే పని నాకు అప్పగించారు. ఇవన్నీ ఒక అమెరికన్ కళాకారుడు తన జీవితకాలంలో అందుకుని, పారేయకుండా దాచుకున్న ఉత్తరాల పెట్టెల్లోవి. ఆయన మరణానంతరం కుటుంబం వాటిని గ్రంథాలయానికి విరాళంగా ఇచ్చింది. పంపినవాడు ఇటలీలో, అందుకున్నవాడు అమెరికాలో, ఆ ఇద్దరి మధ్య రెండు దేశాల తపాలా శాఖలు. ఈ మొత్తం ప్రయాణాన్ని ఒక సూచికలో ఎలా చెప్పాలన్నదే నా పని అంతటా నన్ను వెంటాడిన ప్రశ్న.

ముందుగా కావెల్లీని ఎవరో కొంత చెప్పాలి. ఆయన 1914లో ఉత్తర ఇటలీలోని బ్రెషా నగరంలో పుట్టారు, 1990లో అక్కడే కన్నుమూశారు. కుటుంబ వ్యాపారం చూసుకుంటూనే రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాల్లో నైరూప్య చిత్రాలను పెద్దయెత్తున సేకరించారు. ఆ సేకరణ ఎంత పేరు పొందిందంటే 1957లో రోమ్ నగరంలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం దానిని ప్రత్యేకంగా ప్రదర్శించింది. ఇతరుల చిత్రాలకు గోడ మీద చోటిచ్చిన ఈ మనిషి తన సొంత చిత్రాలకు మాత్రం విమర్శకుల గుర్తింపు అంతగా పొందలేదు. 1971లో ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. కళాకారుడిని చరిత్రలోకి ఎక్కించే పని విమర్శకులది, మ్యూజియంలది అయినప్పుడు, ఆ పనిని కళాకారుడు తానే చేసుకుంటే ఏమవుతుంది? ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరుకు తెలుగులో స్వీయ చరిత్రీకరణ అని చెప్పుకోవచ్చు. తన గురించి తానే విజ్ఞాన సర్వస్వంలో ఉండదగిన వ్యాసం రాసుకుని, దానిని కాగితం మీదే కాక బట్టల మీద, మనుషుల ఒంటి మీద కూడా చేత్తో రాశారు. తన శతజయంతి అయిన 2014లో ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలు తన ప్రదర్శనలు జరుపుతున్నట్టు, నలభై ఏళ్ళకు పైగా ముందే పోస్టర్లు తయారుచేశారు. ఇటలీ జెండా రంగులైన ఆకుపచ్చ, తెలుపు, ఎరుపులతో, తన పేరు, 1914–2014 అన్న సంవత్సరాలు ఉన్న స్టిక్కర్లు అచ్చు వేయించి ప్రపంచమంతటా పంచారు. గ్యాలరీలు పిలవకపోతే ప్రదర్శనే ఇంటికి వెళ్ళాలన్న ఆలోచనతో కేటలాగులను వేలాది చిరునామాలకు ఉచితంగా తపాలాలో పంపి, వాటిని ఇంటింటి ప్రదర్శనలని పిలిచారు.

ఆయనకు దొరికిన దారి మెయిల్ ఆర్ట్, అంటే తపాలాలో ఒకరికొకరు పంపుకునే కళ. న్యూయార్కులో రే జాన్సన్ అనే కళాకారుడు 1950ల నుంచి స్నేహితులకు చిన్న చిన్న కొలాజ్‌లను, ఉత్తరాలను పంపుతూ, వాటికి ఏదో ఒకటి చేర్చి ఇంకొకరికి పంపమని కోరుతూ ఈ కళకు ఊపిరి పోశారు. 1970ల నాటికి అది అమెరికా, ఐరోపా, లాటిన్ అమెరికా, జపాన్ దాకా అల్లుకుంది. ఈ బృందాల ప్రదర్శనలకు కొన్ని నియమాలు స్థిరపడ్డాయి: వచ్చిన ప్రతిదీ ప్రదర్శించాలి, ఎంపిక సంఘం ఉండకూడదు, రుసుము తీసుకోకూడదు, పాల్గొన్న అందరికీ ప్రదర్శన వివరాల పత్రం పంపాలి. డబ్బుతో, తీర్పుతో సంబంధం లేకుండా కళ చేతులు మారగలదన్న నమ్మకం ఆ నియమాల్లో ఉంది. ఆ నమ్మకం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

కళాకారుల స్టాంపులు ఇందులో ఒక ప్రత్యేక శాఖ. తపాలా స్టాంపు అనేది ప్రభుత్వం తన ముఖాన్ని, తన వీరులను, తన ఉత్సవాలను ముద్రించుకునే చిన్న కాగితం. ఆ అధికారాన్ని కళాకారుడు తనకు తానే ఇచ్చుకుంటే అది ఆర్టిస్టాంప్ అవుతుంది. దీని చరిత్రలో వినోదం మాత్రమే లేదు. 1941లో ఫ్రాన్స్‌లోని గుర్స్ నిర్బంధ శిబిరంలో ఉన్న జర్మన్ చిత్రకారుడు కార్ల్ ష్వేజిగ్, స్టాంపు షీట్ల చుట్టూ మిగిలే చిల్లుల తెల్ల అంచుల మీద ఆ శిబిర జీవితాన్ని సిరాతో గీశాడు. 1957లో ఫ్రెంచి కళాకారుడు ఈవ్ క్లైన్ తన నీలి రంగు స్టాంపును ఆహ్వాన పత్రాల మీద అంటించి పారిస్‌లో పోస్టు చేశాడు. 1974లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ వారెన్ ఫెల్టర్ కళాకారుల స్టాంపులతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసిన తరువాత ఈ రూపానికి ఒక గుర్తింపు వచ్చింది. మన బడుల్లో పిల్లల చేత కొనిపించే టీబీ సీళ్ళు గుర్తున్నవారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. వాటికి తపాలా విలువ లేదు, వాటితో ఉత్తరం కదలదు, అయినా ఉత్తరం మీద అంటిస్తాం. స్టాంపు సేకర్తలు ఇలాంటి వాటన్నిటినీ కలిపి సిండ్రెల్లాలని పిలుస్తారు.

ఇక పని విషయానికి వస్తాను. ఆర్కైవ్‌లో ఏ పెట్టె తెరిచినా మొదట చేసేది ఏమీ కదపకుండా చూడటం. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉందో, ఏ కవరులో ఏమి ఉందో, పెన్సిలుతో నోటు పుస్తకంలో రాసుకుంటూ వెళ్ళాలి. పెన్ను గదిలోకే రానివ్వరు. ఈ పెట్టెల యజమాని తన ఉత్తరాలను దేశాల వారీగా పెట్టి, ఒక్కో దేశంలో తనకు అందిన వరుసలో ఉంచుకున్నారు. కవర్ల వెనుక ఒక మూల అందిన తేదీ, దాని కింద జవాబు పంపిన తేదీ పెన్సిలుతో సన్నగా వేసుకునే అలవాటు ఆయనకు ఉంది. ఈ రెండు చిన్న తేదీలు నాకు ఎంత సహాయపడ్డాయో చెప్పలేను. మెయిల్ ఆర్టిస్టుకు జవాబు ఇవ్వడం ఒక బాధ్యత. ఆ బాధ్యత నెరవేరిందన్న గుర్తు ఆ రెండో తేదీ. మా పర్యవేక్షకురాలు మొదటి రోజే ఒక మాట స్పష్టంగా చెప్పారు: “ఇది కావెల్లీని పత్రాల సంగ్రహం కాదు, ఆయన నుంచి అందుకున్న మనిషి పత్రాల సంగ్రహం. ఆ వరుస మార్చవద్దు.” పేరున్న కళాకారుడి వస్తువులన్నీ ఏరి ఒకచోట చేర్చాలన్న ఆశ సహజంగానే కలుగుతుంది. అలా చేసి ఉంటే ఏ ఉత్తరానికి ఏది జవాబో తెలిపే దారం తెగిపోయేది.

ఫోల్డరులో ఉన్న స్టాంపులు నాలుగు తీరులుగా కనిపించాయి. చింపకుండా కానుకగా పంపిన పూర్తి షీట్లు కొన్ని. షీటులో నుంచి చింపిన ముక్కలు కొన్ని. కవర్ల మీద అసలు ఇటలీ స్టాంపుల పక్కనే అంటించినవి కొన్ని. చివరి రకం నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టింది: కావెల్లీని ముఖం, పేరు ఉన్నా కావెల్లీని తయారుచేయనివి. తనను గురించిన చిత్రాలు, స్టాంపులు చేయమని ఆయన అందరినీ ప్రోత్సహించేవారు, ఇతరులు చేసి పంపేవారు, అవి మళ్ళీ ఇంకొకరికి వెళ్ళేవి. కాబట్టి స్టాంపు మీద పేరు చూసి తయారీదారు ఎవరో చెప్పడం కుదరదు.

అందువల్ల కాగితాన్నే అడగాల్సి వచ్చింది. భూతద్దం కింద ఆఫ్‌సెట్ ముద్రణలో రంగు చుక్కలు గుండ్రని పువ్వుల్లా అల్లుకుని ఉంటాయి. జిరాక్స్ కాపీలో నల్లపొడి కాగితం పైన పొరలాగా కూర్చుని, వాలుగా వెలుతురు వేస్తే మెరుస్తుంది. చిల్లులు మరింత చెబుతాయి. అచ్చు యంత్రశాలలో వేసిన చిల్లుల్లో కాగితం గుండ్రని బిళ్ళలుగా తెగి బయటికి పోతుంది, అంచు శుభ్రంగా ఉంటుంది. ఇంట్లో కుట్టు మిషనుకు దారం ఎక్కించకుండా సూదితో కాగితం మీద నడిపించి చిల్లులు వేసినప్పుడు కాగితం ఎక్కడికీ పోదు; వెనుక వైపు చిన్న చిన్న గరుకు మొనలుగా పైకి లేస్తుంది. వెనుక వైపు వేలితో తడిమితే తెలుస్తుంది. ఇలా పరీక్షించాక, ఒక షీటు ఆఫ్‌సెట్‌లో అచ్చయి యంత్రపు చిల్లులతో ఉంటే, అదే పెట్టెలో కావెల్లీని ఉత్తరాలతో కలిసి ఉంటే, “కావెల్లీని ముద్రింపించినది” అని రాశాను. జిరాక్స్ మీద కుట్టుమిషను చిల్లులు ఉన్నవాటికి “కావెల్లీని అంశంపై మరొక కళాకారుడు చేసినది, తయారీదారు పేరు లేదు” అని రాశాను. వెనుక ఎవరి రబ్బరు ముద్ర అయినా ఉంటే, ఆ ముద్రలో ఉన్నది మాత్రమే చేర్చాను.

మా విభాగానికి వచ్చి సహాయం చేసే ఒక పెద్దాయన చిన్నప్పటి నుంచి స్టాంపులు సేకరించినవారు. కవర్ల మీది స్టాంపులను తడిపి ఊడదీసి, షీట్లతో కలిపి ఆల్బంలో అతికిస్తే చూడటానికి వీలుగా ఉంటుందని ఆయన సూచించారు. స్టాంపు సేకరణలో అది తరతరాల పద్ధతి. అందులో తప్పేమీ లేదు. కానీ ఇక్కడ అది సరిపోదని నేను గట్టిగా వాదించాను. ఒక కవరును తీసుకుని ఆయనకు చూపించాను. ఎడమవైపు కావెల్లీని స్టాంపు, కుడివైపు ఇటలీ స్టాంపు. బ్రెషా తపాలా ఉద్యోగి కొట్టిన గుండ్రని ముద్ర సగం ఇటలీ స్టాంపు మీద పడి, మిగిలిన సగం కావెల్లీని ముఖం మీద పడింది. ఆ ఉద్యోగి తెలిసి కొట్టాడో, చేతి వేగంలో అలా జరిగిందో కానీ, ఆ క్షణంలో ఒక ప్రభుత్వ శాఖ ఈ కళాకారుడి స్టాంపును కూడా అసలు స్టాంపులాగే ముద్ర కొట్టి రద్దు చేసినట్టయింది. మెయిల్ ఆర్టిస్టులు కోరుకునేది సరిగ్గా అదే. స్టాంపును ఊడదీస్తే ముద్ర రెండు ముక్కలవుతుంది, ఆ సంఘటన మాయమవుతుంది. ఆయన ఆ కవరును చాలాసేపు చూసి ఒప్పుకున్నారు. ఆ తరువాత ముద్రల్లోని ఇటాలియన్ నెలల పేర్లను చదవడంలో నాకు ఎంతో తోడ్పడ్డారు కూడా.

తేదీలు నిర్ణయించడం ఈ పనిలో అన్నిటికన్నా రుచికరమైన భాగం. ముద్ర స్పష్టంగా ఉంటే ఇబ్బంది లేదు. చెరిగిపోయిన చోట పెన్సిలు తేదీ ఉంటే దాని ప్రకారం వెళ్ళాను. రెండూ లేని చోట అసలు స్టాంపులే దారి చూపాయి. ఇటలీలో 1953 నుంచి దశాబ్దాల పాటు, కోట బురుజుల కిరీటం పెట్టుకున్న స్త్రీ ముఖం ఉన్న సాధారణ స్టాంపులు వాడుకలో ఉన్నాయి. సిసిలీ ద్వీపంలోని సిరకూసా నగరపు ప్రాచీన నాణెం ఒకటి నమూనా కావడంతో వాటిని సిరకుసానా అంటారు. 1980 సెప్టెంబరులో ఇటలీ కోటల బొమ్మలతో కొత్త వరుస విడుదలైంది. కాబట్టి కవరు మీద కోట బొమ్మ ఉంటే అది 1980 సెప్టెంబరుకు ముందుది కాదు. ఆ స్త్రీ ముఖం ఒక్కటే ఉంటే మాత్రం దాని ఆధారంగా కచ్చితంగా ఏమీ తేల్చలేం, ఎందుకంటే పాత స్టాంపులు కొత్తవాటితో కలిసి ఇంకా చెల్లుబాటయ్యాయి. అలాంటి వాటికి “సుమారు 1970ల చివర” అని రాసి, ఆ అంచనాకు కారణం కూడా పక్కనే రాశాను.

అయితే ఈ ఫోల్డరులో ప్రతి కాగితం మీదా ఒక తేదీ స్పష్టంగా, పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంది: 2014. స్కాన్ చేసిన ప్రతులను కంప్యూటరు చదివి పదాలు గుర్తించినప్పుడు, 1970ల నాటి షీట్లను కూడా 2014వని ముసాయిదాలో నింపేసింది. ఈ కాగితాల్లో మరణ సంవత్సరం వెతికితే కూడా అదే దొరుకుతుంది, ఎందుకంటే పేరు పక్కన 1914–2014 అని రాస్తే ఎవరైనా దానిని జీవితకాలంగానే చదువుతారు. ఆయన 1990లో పోయారు. మరి మా సూచికలో పేరు పక్కన ఏ సంవత్సరాలు ఉండాలి? గ్రంథాలయ నియమం ప్రకారం నిస్సందేహంగా 1914–1990. కానీ 1914–2014 అన్నది పొరపాటు కాదు, ఆయన కళాఖండంలో ప్రధాన భాగం. చరిత్ర తనకు ఇవ్వవలసిన శతజయంతిని ఆయన ముందే తీసేసుకున్నారు. దీని గురించి మేము ఒక మధ్యాహ్నమంతా చర్చించాం. చివరికి పేరు నమోదులో 1990 ఉంచి, ప్రతి వస్తువు శీర్షికలో దాని మీద ముద్రించిన మాటలను అక్షరం మారకుండా ఇచ్చి, వివరణలో ఒక వాక్యం చేర్చాం: “2014 అన్నది కళాకారుడు తనకు తాను ప్రకటించుకున్న శతజయంతి సంవత్సరం, ముద్రణ సంవత్సరం కాదు.” వెనిస్‌లోని పలాజ్జో దుకాలేలో జరిగే శతజయంతి ప్రదర్శన గురించి చెప్పే కాగితాలకు, అవి ఊహించి రాసిన ప్రకటనలని మరింత వివరంగా రాశాను. ఇరవయ్యేళ్ళ తరువాత ఒక విద్యార్థి దానిని జరిగిన ప్రదర్శనగా తన పరిశోధనలో ఉటంకించే ప్రమాదం నిజంగానే ఉంది.

భద్రపరచే పనిలో స్టిక్కర్లు ఎక్కువ ఓపిక కోరాయి. వెనుక ఉన్న బంక కాలం గడిచేకొద్దీ పసుపుబారి, అంచుల నుంచి మెల్లగా బయటికి జారి, పక్క కాగితాన్ని పట్టేస్తుంది. ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయిన స్టిక్కర్ల కట్టను విడదీయడానికి మేము ప్రయత్నించలేదు. సంరక్షణ నిపుణురాలికి అప్పగించాం. మిగిలినవాటి మధ్య సిలికాన్ పూత ఉన్న కాగితం పెట్టాం. వెనుక నాలుకతో తడిపి అంటించే జిగురు ఉన్న పూర్తి షీట్లకు తేమ శత్రువు. కాస్త ఉక్కపోత ఉంటే చాలు, జిగురు మేలుకుని షీట్లు ఒకదానికొకటి కరుచుకుంటాయి. బాగా ఎండిపోతే షీటు చుట్టచుట్టుకుంటుంది. అందుకే వాటిని విడివిడిగా, బరువు పడకుండా పడుకోబెట్టాం. మామూలుగా ముడతలు పడిన కవర్లను కొద్దిపాటి తేమ ఇచ్చి సాపు చేస్తారు. ఇక్కడ చాలా కవర్ల మీద రబ్బరు ముద్రల సిరా, స్కెచ్ పెన్నుల రంగు ఉన్నాయి, అవి నీటికి కరుగుతాయి. కాబట్టి ముడతలను ముడతలుగానే వదిలేశాం. తపాలా సంచుల్లో నలిగిన గుర్తులు కూడా ఆ ప్రయాణంలో భాగమేనని నా అభిప్రాయం. తుప్పు పట్టిన పిన్నులు, క్లిప్పులు మాత్రం తీసేసి, అవి పట్టి ఉంచిన కాగితాలన్నిటినీ ఒకే ఆమ్లరహిత ఫోల్డరులో ఉంచాం.

చిరునామాల విషయంలో కొంత ఇబ్బంది ఎదురైంది. మెయిల్ ఆర్ట్ అంటేనే చిరునామాల జాబితా. కళాకారులు వాటిని దాచుకోకుండా ఒకరికొకరు పంచుకున్నారు, కరపత్రాల మీద అచ్చువేశారు. కానీ 1980లో ఒక మిత్రుడికి ఇచ్చిన ఇంటి చిరునామాను ఈనాడు ఇంటర్నెట్‌లో ప్రపంచం ముందు పెట్టడం వేరే సంగతి. వాళ్ళలో చాలామంది జీవించి ఉన్నారు, అదే ఇంట్లో కూడా ఉండవచ్చు. గదిలో కూర్చుని చూసేవారికి కవర్లన్నీ యథాతథంగా ఇవ్వాలని, స్కాన్లలో మాత్రం వ్యక్తుల ఇంటి చిరునామాలు కనిపించే వైపును పెట్టకూడదని నిర్ణయించాం. దీనివల్ల స్టాంపులు, ముద్రలు ఉన్న కొన్ని అందమైన కవర్లు తెరమీదికి రాలేదు. నాకు అది బాధగానే ఉంది, అయినా అది సరైన నిర్ణయమేనని అనుకుంటున్నాను.

ఈ పని మధ్యలో నేను ఇతర సంగ్రహాల సూచికలను కూడా చదివాను. వాటిలో హంగేరీ రాజధాని బుడాపెస్టులోని ఆర్ట్‌పూల్ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. 1979లో గ్యోర్గి గలాంతాయి, యూలియా క్లానిత్సాయి దంపతులు, ప్రభుత్వం అనుమతించని కళను దాచడానికి మొదలుపెట్టిన ఆ ఆర్కైవ్ ఇప్పుడు అక్కడి లలిత కళల మ్యూజియంలో భాగం. 1980లో కావెల్లీని బుడాపెస్టు వెళ్ళినప్పుడు, ఆ దంపతులు సోవియట్ శిల్పి వేరా ముఖినా చేసిన ప్రసిద్ధ విగ్రహంలోని శ్రామికుడు, రైతు స్త్రీల భంగిమలో నిలబడితే, వారి దుస్తుల మీద ఆయన తన చేతిరాతతో రాశారు. గుర్తింపు కోసం తానే చరిత్ర రాసుకున్న మనిషి, గుర్తింపు ఇవ్వని ప్రభుత్వం కింద బతుకుతున్నవారితో కలిసి చేసిన ఆ పని ఫొటోను చూసిన తరువాత, ఆయన స్టాంపులను కేవలం సొంత డప్పుగా చూడటం నా వల్ల కాలేదు. అదే ఏడాది ఆయన కాలిఫోర్నియా వచ్చి, యూకయా పట్టణంలో దాదా అనే కళా ఉద్యమం పేరిట జరిగిన ఉత్సవంలో పాల్గొన్నారు. మా పెట్టెలో ఆ కాలపు కవర్లు దగ్గరదగ్గర తేదీలతో గుంపుగా ఉన్నాయి, వాటి వెనుక జవాబు తేదీలు కూడా వెంటవెంటనే ఉన్నాయి. ముఖాముఖి పరిచయాలు పెరిగిన ఆ ఏడాది ఉత్తరాలు చిక్కబడ్డాయని సూచికలో ఒక వాక్యం రాయడానికి అవి నాకు ఆధారం ఇచ్చాయి.

సూచిక ఇప్పుడు పూర్తయింది. ఇటలీ విభాగంలో, అందుకున్నవారు ఉంచిన వరుసలోనే కావెల్లీని కవర్లు ఉన్నాయి. స్టాంపుల కోసం వెతికేవారికి విడిగా ఒక పట్టిక చేర్చాను. ఏ స్టాంపు ఏ కవరు మీద ఉందో, దాని చిల్లులు యంత్రానివో కుట్టు మిషనువో, తపాలా ముద్ర తగిలిందో లేదో అందులో ఉంటుంది. ఆ పట్టిక స్టాంపు దగ్గర మొదలై కవరు దగ్గరికి తీసుకెళుతుంది, కవరు మళ్ళీ జవాబు తేదీ దగ్గరికి తీసుకెళుతుంది. ఆ జవాబుల్లో ఏమి పంపారో మా పెట్టెల్లో లేదు. అందుకే సూచిక చివర “సంబంధిత సంగ్రహాలు” అన్న చోట, ఇటువైపు నుంచి వెళ్ళిన కవర్లను బ్రెషాలోని కావెల్లీని ఆర్కైవ్‌లో వెతకవలసిందిగా పరిశోధకులకు సూచించాను.